ఎద్దులవాగు వంతెనకు పేర్లు కావలెను

నా వృత్తి శిలాఫలకాలు చెక్కడం. ప్రభుత్వం వారు గుంట తవ్వితే ఒక రాయి, గుంట పూడిస్తే ఇంకో రాయి. మా తాలూకాలో వీధికుళాయి దగ్గర్నుంచి పెద్దాసుపత్రి దాకా ఏ గోడకు నల్లరాయి కనబడినా అది నా చేతి పనే. మంత్రులు మారారు, ప్రభుత్వాలు మారాయి, ప్రభుత్వాలు మారకుండానే మంత్రులు పార్టీలు మారారు. రాయి కోసం మాత్రం అందరూ నా కొట్టుకే వచ్చారు.

బయటివాళ్లు దీన్ని రాతిపని అనుకుంటారు. కాదు, ప్రాణసంకటం. ముఖ్యమంత్రిగారి పేరు మూడంగుళాలు. మంత్రిగారిది రెండున్నర. ఎమ్మెల్యేగారిది రెండు. ఆ తరువాత జడ్పీ చైర్మను, ఎంపీపీ, సర్పంచి, ఇలా దిగేకొద్దీ అక్షరం చిక్కిపోతుంది. ఒకసారి ఓ ఎమ్మెల్సీగారు స్కేలు పట్టుకొచ్చి, తన పేరులో దీర్ఘం పక్కవాడి దీర్ఘం కన్నా పొట్టిగా ఉందని కొలిచి మరీ రాయి పగలగొట్టించారు. అది పశువుల నీళ్లతొట్టి తాలూకు రాయి. తొట్టికి అప్పటికే పగులిచ్చి నీళ్లన్నీ కారిపోతున్నాయి గాని, ఆ పగులు కొలవడానికి ఎవరూ స్కేలు తేలేదు.

ఇలాంటి బంగారు కాలానికి ఒక నీళ్ల ట్యాంకు మూలంగా చెడ్డరోజులొచ్చాయి.

పక్క తాలూకాలో ప్రారంభోత్సవం జరిగిన నలభయ్యో రోజున ఓవర్‌హెడ్ ట్యాంకు కూలింది. దేవుడి దయవల్ల కింద మనుషులు లేరు. లోపల నీళ్లు కూడా లేవు. ట్యాంకంతా పిండైపోయినా శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. అది నేను నిలబెట్టిన రాయి మరి. విచారణకు ఒక రిటైర్డు జడ్జిగారిని వేశారు. ట్యాంకుకూ తనకూ సంబంధం లేదని మంత్రిగారు చెప్పారు. రిబ్బను కత్తిరించానే గాని ట్యాంకును ముట్టుకోలేదని ఎమ్మెల్యేగారు చెప్పారు. ఫైలు చూశానే గాని ట్యాంకు చూడలేదని ఇంజనీరుగారు చెప్పారు. జడ్జిగారు ముసలాయన, కాస్త చాదస్తం మనిషి. తిన్నగా వెళ్లి రాయి చదివారు. "కట్టామని చెప్పుకోవడానికి పద్నాలుగు మంది ఉన్నారు. కూలిందని చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు. ఇదెక్కడి న్యాయం?" అని నివేదిక రాసి పారేశారు.

ఆ మాట పత్రికలకెక్కింది. జవాబుదారీతనం గురించి టీ కొట్ల దగ్గర కూడా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి గనక ప్రభుత్వం వారు సైతం ఆవేశపడి, శాసనసభలో బల్లలు చరుస్తూ ఒక చట్టం చేసేశారు. వృత్తిరీత్యా సంబంధం ఉన్నవాణ్ణి కాబట్టి నాకూ ఒక ప్రతి వచ్చింది.

"ప్రజాధనముతో నిర్మితమగు ఏ కట్టడమందైనను లోపము గాని, అక్రమము గాని, అవినీతి గాని బయల్పడినచో, సదరు కట్టడపు శిలాఫలకముపై నామము గల ప్రతి ప్రజాప్రతినిధియు, అధికారియు తన నామాక్షరముల పరిమాణమును బట్టి బాధ్యుడగును."

అర్థం చెబుతాను. కట్టడంలో ఎవరు దొంగతనం చేసినా, ఎవరి హయాంలో జరిగిందో వాళ్లదే పూచీ. ఎవరి హయామో రాయి చెబుతుంది. మూడంగుళాల అక్షరానికి పదవి ఊడుతుంది, పైగా జైలు. అరంగుళానికి మందలింపు. మరి సభలో అంత ఉత్సాహంగా బల్లలెందుకు చరిచారంటారా? ప్రతివాడూ తన పేరు కన్నా పక్కవాడి పేరే పెద్దగా ఉంటుందని ఆశపడ్డాడు.

మరునాడే ముఖ్యమంత్రిగారు తనకు ఆడంబరాలు గిట్టవనీ, ఇకమీదట ఏ రాయి మీదా తన పేరు వెయ్యొద్దనీ ప్రకటించారు. ఆయన నిరాడంబరత్వానికి ఊరూరా పాలాభిషేకాలు జరిగాయి.

ఆ తరువాత నాకొచ్చిన మొదటి పని ఎద్దులవాగు వంతెన రాయి. గొట్టిమళ్ల అనే ఊరికీ మా టౌనుకీ మధ్య ఎద్దులవాగు ఉంది. వాగు పొంగితే గొట్టిమళ్లకు వేరే దారి లేదు. వంతెన కట్టడం పూర్తయింది, రంగులు కూడా వేశారు. ప్రారంభోత్సవం ఒక్కటే మిగిలింది.

ప్రోటోకాల్ చూసే తాసిల్దారు అనంతపద్మనాభంగారు ముసాయిదా పట్టుకుని కొట్టుకు వచ్చారు.

"ఆచారిగారూ, ఈ పర్యాయం కొలతల్లో స్వల్ప సవరణలున్నాయి. ఎమ్మెల్యే జయసింహంగారి పేరు పావంగుళం చాలట. ఆయన వినయశీలి."

"మరి మంత్రిగారిది?"

"ఎమ్మెల్యేగారి కన్నా ఒక రవ్వ తక్కువ. మంత్రిగారు ఇంకా వినయశీలి."

సాయంత్రానికి జయసింహంగారే ఫోను చేశారు. "ఏందయ్యా ఆచారీ, మంత్రిగారి పేరు కంటే నా పేరు పెద్దగా ఏస్తావా? ఆయన కేబినెట్ మనిషయ్యా! ప్రోటోకాల్ తెలవదా నీకు? ఆయన్ని పెద్దగా ఏసి నన్ను కనపడీ కనపడనట్టు ఏసెయ్" అన్నారు. పొద్దున్నే మంత్రిగారి పీఏ వచ్చి, మంత్రిగారు ప్రజాసేవకుడనీ, సేవకుడి పేరు ఎమ్మెల్యే పేరును మించడం మర్యాద కాదనీ సెలవిచ్చాడు.

వారం తిరిగేసరికి రెండు పేర్లూ పావంగుళం నుంచి ఆవగింజకూ, ఆవగింజ నుంచి గసగసాలకూ దిగాయి. అంతకన్నా కిందికి నా ఉలి దిగనంది. అనంతపద్మనాభంగారు వాచీలు బాగుచేసేవాడి దగ్గర భూతద్దం అడిగి తెచ్చి, కంటికి పెట్టుకుని రాయిని తనిఖీ చేశారు. "ఇంకా చదవడానికి వీలవుతోందే!" అని నిట్టూర్చారు.

నాలుగడుగుల రాయి మీద రెండు వరసల గసగసాలు చెక్కుకుని నేను కూర్చున్న రోజున ఆదెమ్మ వచ్చింది. ఆమెది గొట్టిమళ్ల. టౌనులో ఇంటింటికీ పెరుగు పోస్తుంది, మా ఇంటికీ వాడుకే. చీర నడుం దాకా తడిసి ఉంది.

"ఆచారయ్యా, వంతెన ఎప్పుడు తెరుస్తారంట?"

"పేర్లు కుదరాలమ్మా."

"పేర్లదేముంది! ఎవురిదో ఒకరిది చెక్కెయ్యరాదూ? వంతెన మొగదల ముళ్లకంప ఏసి, ఇమాంసాబని పోలీసాయన్ని కూకోబెట్టారు. 'ప్రారంభం కాని వంతెన ఎక్కితే కేసు' అంటన్నాడు. నెత్తి మీద వంతెన ఉండంగా కింద వాగులో దిగి వస్తన్నాం. మమ్మల్ని చూసి మా గొడ్లు కూడా నవ్వుకుంటన్నయ్."

నేను నవ్వాను. ఆదెమ్మ నవ్వలేదు.

"మా శేషవేణికి నెలలు నిండుతున్నయ్. ఆషాఢంలో కాన్పన్నారు డాక్టరమ్మ. బిడ్డ అడ్డం తిరిగుందంట, ఇంటికాడ కుదరదంట. వాగు పొంగితే ఎట్టా తెచ్చేదయ్యా? పోయినేడు మా యారాలి కోడల్ని మంచం మీద తెస్తా తెస్తా వాగులోనే పోగొట్టుకున్నాం. నాకు ఆ పిల్ల కేకలు ఇంకా ఇనపడతన్నయ్."

భూతద్దం తుడుస్తూ కూర్చున్నాను. సిగ్గనిపించింది.

ఈలోగా జయసింహంగారికి ఒక విశాలమైన ఆలోచన కలిగింది. పత్రికల వాళ్లను పిలిచి, అభివృద్ధి రాజకీయాలకు అతీతమనీ, ఈ వంతెన కోసం మాజీ ఎమ్మెల్యే పట్టాభిగారు పడ్డ శ్రమను మరవడం మహాపాపమనీ, అందుచేత రాయి మీద ఆయన ఒక్కరి పేరే మూడంగుళాల్లో వేయిస్తున్నామనీ గద్గద స్వరంతో చెప్పారు. పట్టాభిగారు ప్రతిపక్షం. మధ్యాహ్నానికల్లా యాభై మందితో వచ్చి నా కొట్టు ముందు టెంటు వేశారు. అదివరకు ఇదే టెంటు కింద ఇదే మనుషులు "మా నాయకుడి పేరు చేర్చాలి" అని కూర్చున్నారు. ఇప్పుడు "మా నాయకుడి పేరు తీసెయ్యాలి" అని కూర్చున్నారు. ప్రతిపక్ష నాయకుణ్ణి సంప్రదించకుండా గౌరవించడం ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టని పట్టాభిగారు మైకులో గర్జించారు. చెక్కిన పేరు నేను అరగదీశాక, నా చేతి నిమ్మరసం తాగి దీక్ష విరమించారు.

మానవమాత్రులం మనమెంత అన్నారు మంత్రిగారు. సరే, గొట్టిమళ్ల వీరాంజనేయస్వామి వారి కరకమలములచే ప్రారంభమైనట్టు చెక్కమని ఉత్తరువు వచ్చింది. నేను 'శ్రీ' చెక్కానో లేదో, దేవాదాయశాఖ ఈవోగారు ఆయాసపడుతూ వచ్చి ఉలి పట్టుకున్నారు.

"ఆపండి, ఆపండి! చట్టం దృష్టిలో దేవుడు మైనరండీ. మైనరు మీద బాధ్యత పెట్టడం చెల్లదు. సంరక్షకుణ్ణి నేను గనక అది నా మెడకు చుట్టుకుంటుంది."

"ఆంజనేయస్వామి మైనరేమిటండీ?"

"సముద్రం దాటినా సరే, చట్టంలో మైనరే. ఎద్దులవాగు దాటించే పూచీ ఆయన మీద పెట్టడానికి వీల్లేదు."

ఇక లాభం లేదని తాసిల్దారు ఆఫీసులో సమన్వయ సమావేశం పెట్టారు. మంత్రిగారి పీఏ, ఎమ్మెల్యేగారు, వంతెన కట్టించిన ఇంజనీరు డీఈ చక్రపాణిగారు, తాసిల్దారు, రాతి నిపుణుడిగా నేను. మూడు గంటల సేపు పేరు వెతికాం. కాలధర్మం చెందిన నాయకుల జాబితా కూడా తెప్పించారు గాని, ప్రతివారికీ బతికున్న వారసులున్నారు. అప్పుడు బంట్రోతును తోసుకుని ఆదెమ్మ లోపలికొచ్చింది. వాకిట్లో పొద్దుటి నుంచీ కూర్చుని మా మాటలన్నీ విన్నదట.

"నా పేరు ఏసుకోండి సారూ. ఆదెమ్మ అని. ఎంత పెద్దగా అయినా ఏసుకోండి. రేపే తెరవండి."

గదిలో పండగ వాతావరణం వచ్చింది. పీఏ లేచి నిలబడ్డాడు. "ప్రజాస్వామ్యం పరిపక్వత చెందింది" అన్నాడు. జయసింహంగారు కళ్లొత్తుకున్నారు. "లబ్ధిదారు భాగస్వామ్యం కింద పరిగణించవచ్చు" అంటూ అనంతపద్మనాభంగారు అప్పటికప్పుడు హామీపత్రం రాశారు. ఆదెమ్మ అను నేను సదరు వంతెనయందలి ఇనుము, సిమెంటు, పునాదులు సక్రమముగా ఉన్నవని నమ్మి, వాటియందు లోపము తేలినచో శిక్షకు బద్ధురాలనగుదునని ఇందుమూలముగా ఒప్పుకొనడమైనది. చదివి వినిపించి సిరా డబ్బీ ముందుకు తోశారు. ఆదెమ్మ బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీదికి తెచ్చి ఆపింది.

"నాకు సిమెంటు సంగతి ఏం తెలుసు సారూ? కట్టించింది ఈ ఇంజనీరు బాబు గదా. గట్టిగా ఉందని ఆయన్ని ఒక్క ముక్క రాసిమ్మనండి. దాని కింద నేను ఏలుముద్ర ఏస్తా."

చక్రపాణిగారికి దగ్గు వచ్చింది. మంచినీళ్లిచ్చారు, తగ్గలేదు. వీపు నిమిరారు, తగ్గలేదు. సెలవుచీటీ రాసేటంత సేపు మాత్రం తగ్గింది.

ఆదెమ్మ ఆయన వైపు చూసింది, ఎమ్మెల్యేగారి వైపు చూసింది. ఎమ్మెల్యేగారు కిటికీ వైపు చూశారు. ఆమె వేలి సిరా కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. వంతెనలో ఏం కలిపారో, ఏం కలపలేదో ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసే వారాల తరబడి నాచేత గసగసాలు చెక్కించారు.

చివరికి ప్రభుత్వ న్యాయవాది దారి చూపించాడు. ప్రతి కట్టడానికీ శిలాఫలకం ఉండాలని చట్టంలో ఉందట గాని, దాని మీద పేరుండాలని లేదట. దానికి 'నామరహిత శిలాఫలకం' అని పేరు పెట్టారు. ఏమీ చెక్కని నున్నటి నల్లరాయిని వంతెనకు అవతల, గొట్టిమళ్ల గట్టున బిగించి వచ్చాను. అప్పటికే ఆషాఢం వచ్చింది. పైన కొండల్లో మబ్బులు పట్టాయి.

ప్రారంభోత్సవం రోజున నాయకులు గొట్టిమళ్ల ఎలా చేరుకున్నారో చెప్పి తీరాలి. కార్లు టౌను వైపు గట్టునే ఆపారు. ప్రారంభం కాని వంతెన ఎక్కడం నేరం గనక, గొట్టిమళ్ల చెంచయ్య ట్రాక్టరు తెప్పించి, ట్రక్కులో కుర్చీలు వేసి, వంతెన పక్కనే వాగు నీళ్లలోంచి మంత్రిగారినీ, ఎమ్మెల్యేగారినీ, సెలవు రద్దు చేసి తెచ్చిన చక్రపాణిగారినీ దాటించారు. తాసిల్దారుతో సహా మిగతావాళ్లం వెనకాల నీళ్లలో నడిచాం. ఊరంతా గట్టున నిలబడి చూసింది. ముళ్లకంప వెనక నుంచి ఇమాంసాబు సెల్యూట్ చేశాడు.

మంత్రిగారు మాట్లాడారు. "ఈ వంతెన ఎవరు కట్టారు? నేను కట్టలేదు! ఎమ్మెల్యేగారు కట్టలేదు! మీ ఆకాంక్షే దీన్ని కట్టుకుంది!" అని చప్పట్ల కోసం ఆగారు. తాసిల్దారుగారు ఒక్కరే కొట్టారు. మంత్రిగారు మీట నొక్కారు. తెర తొలిగింది.

రాయిని అద్దంలా నున్నగా చేయడం నా తప్పే. ఎండ పడి మెరిసేసరికి, ముందు వరసలో ఉన్న మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, డీఈగారు ముగ్గురూ నిలువెత్తున రాతిలో కనబడ్డారు. ఫొటోగ్రాఫర్లు టపటపా తీశారు. న్యాయవాది మంత్రిగారి చెవిలో "సార్, సాక్ష్యంగా పేరు కన్నా రూపం బలమైంది" అన్నాడు. మంత్రిగారు గబుక్కున కింద కూర్చున్నారు. జయసింహంగారు తాసిల్దారు వెనక దాక్కున్నారు, తాసిల్దారు డీఈ వెనక దాక్కున్నారు, డీఈ గొడుగు విప్పారు. రాయిని గరుకు చెయ్యమని నన్ను కేకలేశారు. సగం రోజు పడుతుందన్నాను. దాంతో మళ్లీ తెర లాగేశారు. తెర మూసి చేసిన ప్రారంభోత్సవం నా సర్వీసులో అదొక్కటే.

ఇమాంసాబు ముళ్లకంప తీసేశాడు. వంతెన తెరుచుకుంది. ఊళ్లోవాళ్లు దాని వైపు కదల్లేదు. ఆదెమ్మ కూతుర్ని పొదివి పట్టుకుని, బట్టలమూటతో ముందుకొచ్చింది. శేషవేణి పెదవి కొరుక్కుంటోంది, నొసటి మీద చెమట.

"తెల్లారిందగ్గర్నుంచి నొప్పులు పడతంది సారూ. ఆసుపత్రికి పోవాల. మీరు ముందు నడవండి, మీ ఎనకమాల మేమొస్తాం."

"తొలి అడుగు ప్రజలదే కావాలమ్మా. అది మీ హక్కు" అన్నారు మంత్రిగారు.

"మీరయినా రండయ్యా" అంది ఎమ్మెల్యేగారితో.

"నాకు మోకాలు నొప్పమ్మా."

డీఈగారిని అడగబోయేసరికి ఆయనకు దగ్గు మొదలైంది. అప్పటికే ముగ్గురూ ట్రాక్టరు వైపు నడుస్తున్నారు. ఆదెమ్మ వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"చెంచయ్యా, బండి తిప్పు. నా బిడ్డని ఎక్కించు."

"అదేందమ్మా, మరి మేమెట్టా పోవాల?" అన్నారు జయసింహంగారు.

"మీకు వంతెన ఉంది గదయ్యా. ఇప్పుడే గదా తెరిచారు!"

చెంచయ్య ఎవరి ఉత్తరువూ అడగలేదు. కుర్చీలు గట్టు మీద పడేసి గడ్డి పరిచాడు. శేషవేణిని ఎక్కించాం. నేను ఒక పక్క, ఆదెమ్మ ఒక పక్క పట్టుకున్నాం. నీళ్లు ఇరుసు దాకా వచ్చాయి, రంగు కూడా మారింది. పైన వాన పడినట్టుంది. వాగు మధ్యలోంచి వెనక్కి చూస్తే వంతెన మొగదల ముగ్గురూ చేతులు జోడించుకుని "తమరు ముందు", "అబ్బే, తమరే ముందు" అనుకుంటున్నారు.

"ఇన్నాళ్లూ పేరు కోసం తిరిగా ఆచారయ్యా. ఎవురిదన్నా పేరుంటే నమ్మి ఎక్కేసేవాళ్లం" అంది ఆదెమ్మ.

ఆమె ఇన్నేళ్లూ నమ్మిన పేర్లన్నీ చెక్కింది నేనే.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీబిడ్డా క్షేమం. ఒంటిగంటన్నరకు ఎద్దులవాగు గట్లు తెంచుకుంది.

తరువాతి సంగతులు వాగు తీశాక ఇమాంసాబు వచ్చి చెప్పాడు. నాయకులు రెండు రోజులు గొట్టిమళ్ల బడిలో ఉన్నారట. మంత్రిగారు హెలికాప్టరు పంపమని జిల్లా విపత్తుల విభాగానికి ఫోను చేస్తే, అక్కడి గుమాస్తా నిబంధన చదివి వినిపించాడట. "సమీపమున ప్రారంభమైన వంతెన ఉండగా హెలికాప్టరు పంపుటకు వీలు లేదు. సదరు వంతెన పనికిరాదని బాధ్యత గలవారు రాతపూర్వకముగా ధ్రువీకరించి సంతకములు చేసినచో పరిశీలించబడును." మంత్రిగారు తిట్టారట, బతిమాలారట. గుమాస్తా మాత్రం కాగితం కావాలన్నాడట. ఎద్దులవాగు వంతెనలో సిమెంటు, ఇనుము తగినంత లేవని, ఎక్కుట ప్రాణాపాయమని చక్రపాణిగారు దగ్గు లేకుండా రాశారట. హెలికాప్టరులో చోటు ప్రోటోకాల్ ప్రకారం ఇస్తారన్నందువల్ల, ఎవరి సంతకం పెద్దదైతే వారికి ముందు చోటని ముగ్గురూ పోటీపడి పెట్టారట. ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి పంపాకే హెలికాప్టరు వచ్చిందట.

ఇమాంసాబు వెళ్లిన పూట ఆదెమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి, ఇమాంసాబు తీయించి ఇచ్చిన ఆ సంతకాల కాగితం జిరాక్సు మడత విప్పి నా ముందు పరిచింది. మూడు పేర్లు, మూడూ మూడేసి అంగుళాలు.

"పేర్లు దొరికినయ్ ఆచారయ్యా. ఇంక చెక్కు."